అంబాసిడర్‌కు 17 అంగుళాల చక్రాలు వేస్తే కుదుపు ఎందుకు పెరుగుతుంది?

మీ ప్రశ్నను మొదట నాకు అర్థమైన మేరకు చెబుతాను. గుంటూరు బ్రాడీపేటలో మీ నాన్నగారు వాడిన 1986 నాటి అంబాసిడర్ మార్క్ 4 మీ దగ్గర ఉంది. ఇంజిన్ పని, టింకరింగు, పెయింటింగు పూర్తి చేయించారు. ఇప్పుడు దానికి 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు, 205/50 టైర్లు వేయాలనుకుంటున్నారు. ఈ కాలపు కార్లు అదే సైజుతో హాయిగా తిరుగుతున్నప్పుడు అంబాసిడర్‌కు మాత్రం ఇబ్బంది ఎందుకు రావాలి, ఒకవేళ కుదుపు పెరిగినా షాక్ అబ్జార్బర్లు మార్చి గానీ, గాలి తగ్గించి గానీ సరిచేసుకోవచ్చా అని అడిగారు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 30 ఏళ్లకు పైగా కార్ల సస్పెన్షన్, స్టీరింగ్ పనులే చేస్తున్నాను. మొదటి పదేళ్లలో నా చేతి కిందకు వచ్చిన బండ్లలో సగానికి సగం అంబాసిడర్లే. ఆ అనుభవంతో చెబుతున్నాను: కుదుపు తప్పకుండా పెరుగుతుంది, షాక్ అబ్జార్బర్లు మార్చినా, గాలి తగ్గించినా అది పోదు. ఎందుకు పోదో తెలియాలంటే ఆ కారులో టైరు మోస్తున్న పని ఏమిటో కొంచెం వివరంగా చూడాలి.

టైరు కూడా ఒక స్ప్రింగే. రోడ్డు మీది దెబ్బ ముందుగా తగిలేది దానికే. ఆ తర్వాతే అది టార్షన్ బారుకో (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) కమాన్ కట్టకో (ఉక్కు పట్టీల స్ప్రింగు) అంది, కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌ల మీదుగా బాడీకి, చివరకు సీటులో కూర్చున్న మనిషి నడుముకు చేరుతుంది. హైవే మీద వంతెన ఎక్కి దిగే చోట వచ్చే పొడవైన ఎత్తుపల్లాలను మోసేది ప్రధానంగా సస్పెన్షన్. అటువంటి చోట కారు బాడీ సెకనుకు సుమారు ఒకసారి, మహా అయితే ఒకటిన్నర సార్లు ఊగుతుంది, అంత నెమ్మది ఊపులో టైరు పక్కగోడ, అంటే రిమ్ముకూ రోడ్డును తాకే భాగానికీ మధ్య ఉండే రబ్బరు, పొడుగుదైనా పొట్టిదైనా మీకు పెద్ద తేడా తెలియదు. కొత్త చక్రాలు వేయించుకున్నవాళ్లు దుకాణం ముందున్న సాఫీ రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి వచ్చి బ్రహ్మాండంగా ఉందని చెప్పడానికి కారణం ఇదే, వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు. అయితే వంతెన అతుకు, మ్యాన్‌హోల్ మూత అంచు, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన గాడి, కంకర తేలిన ప్యాచ్ వంటి చిన్న పదునైన దెబ్బల సంగతి వేరు. ఇవి జానెడు దూరంలోనే వచ్చి పోతాయి. స్ప్రింగు పూర్తిగా అందుకునే లోపే టైరు తన పక్కగోడను వంచుకుని ఆ అంచును తనలో ఇముడ్చుకోవాలి. ఆ పనికి కావలసింది పక్కగోడ ఎత్తు, దాని వెనుక ఉన్న గాలి.

ఇప్పుడు మీ కారు లెక్క చూద్దాం. అంబాసిడర్‌కు కంపెనీ ఇచ్చిన టైరు 5.90-15. మొదటి అంకె టైరు అడ్డం వెడల్పు, అంగుళాల్లో, అంటే 150 మిల్లీమీటర్లు. రెండోది రిమ్ము వ్యాసం. అది క్రాస్ ప్లై టైరు, మన దగ్గర అందరూ నైలాన్ టైరు అనేది. ఆ తరహా టైర్లలో పక్కగోడ ఎత్తు అడ్డం వెడల్పుకు దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి, రిమ్ము అంచు నుంచి నేల దాకా సుమారు 140 మిల్లీమీటర్ల రబ్బరు, గాలి ఉంటాయి. మీరు వేయాలనుకుంటున్న 205/50 ఆర్17లో రెండో అంకె శాతం: 205లో సగం, అంటే 102 మిల్లీమీటర్ల చిల్లర. పైకి 140 నుంచి 102కు తగ్గినట్టు కనిపిస్తుంది కానీ అసలు తగ్గుదల ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఏ టైరులోనైనా రిమ్ము అంచు, దానిని పట్టుకునే టైరు బిగువైన లోపలి అంచు (బీడు) కలిసి కొంత ఎత్తును తినేస్తాయి, అక్కడ ఏమీ వంగదు. ఆ కొంత రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి పొట్టి టైరుకు నష్టం నిష్పత్తిలో పెద్దది. పైగా పొట్టి టైరు పక్కగోడను మూలలు తిరిగేటప్పుడు వాలిపోకుండా ఉండేందుకు గట్టిగా తయారుచేస్తారు. ఎత్తు తగ్గింది, ఉన్న ఎత్తు కూడా బిరుసెక్కింది. మెత్తదనం పోవడానికి ఈ రెండూ కలిసి కారణం.

అంతవరకూ ఏ కారుకైనా ఒకటే. అంబాసిడర్‌కు ప్రత్యేకంగా ఎందుకు ఎక్కువ నష్టమో చెప్పడం నా ఉద్దేశం, ఇది చాలామంది గమనించని సంగతి.

ఈ కారు రూపకల్పన 1956 నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్‌ది. ముందు పొడవునా సాగే టార్షన్ బార్లు, వెనుక నిండు ఇరుసు, దాని కింద కమాన్ కట్టలు. మీ మార్క్ 4 దాకా ఈ అమరిక ఇదే. కమాన్ కట్టలో పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, కట్ట వంగాలంటే ఆ పట్టీలు ఒకదాని మీద ఒకటి జారాలి. జారాలంటే ముందు వాటి మధ్య ఉన్న రాపిడిని గెలవాలి. దెబ్బ పెద్దదైతే ఆ రాపిడిని సులువుగా గెలుస్తుంది, కట్ట వంగుతుంది. దెబ్బ చిన్నదైతే గెలవలేదు, కట్ట ఒక్క ముక్క ఇనుములా బిగిసి ఉండిపోతుంది. ఆ సమయంలో కారు వెనుక భాగాన్ని మోస్తున్న స్ప్రింగు టైరు ఒక్కటే. గ్రీజు ఎండిపోయి, పట్టీల మధ్య తుప్పు పేరుకున్న 40 ఏళ్ల కట్టల్లో ఈ బిగుసుకునే గుణం మరీ ఎక్కువ. కొత్త కార్లలో కాయిల్ స్ప్రింగులు ఉంటాయి, వాటిలో పట్టీల రాపిడి అనే మాటే లేదు, చిన్న దెబ్బకు కూడా స్ప్రింగు కదులుతుంది. అందువల్ల టైరు తన వంతు కొంత తగ్గించుకున్నా పని నడుస్తుంది. అంబాసిడర్‌లో ఆ తగ్గించుకున్న వంతును అందుకునే వారెవరూ లేరు.

దీన్ని మీరే ఇంట్లో పరీక్షించుకోవచ్చు. కారును చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వదిలేసి, చక్రాలకు కాస్త దూరంగా రాళ్లు అడ్డుపెట్టండి. వెనుక చక్రం నడిబొడ్డు నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచేందుకు ఒక గుర్తు పెట్టుకోండి. ఇప్పుడు వెనుక బంపరును రెండు చేతులతో నెమ్మదిగా కిందికి నొక్కి, అంతే నెమ్మదిగా వదలండి. ఊపవద్దు. ఎత్తు కొలవండి. తర్వాత బంపరును పైకి ఎత్తి, మళ్లీ నెమ్మదిగా వదిలి, మళ్లీ కొలవండి. కట్టలు శుభ్రంగా ఉంటే రెండు కొలతలూ దగ్గరగా వస్తాయి. మా దగ్గరకు వచ్చే పాత బండ్లలో రెండింటికీ మధ్య వేలెడు వెడల్పు తేడా రావడం మామూలే. ఆ వేలెడు మేరలో మీ వెనుక సస్పెన్షన్ పని చేయడం లేదని, ఆ మేరకు వచ్చే దెబ్బలన్నీ టైరు ఒక్కటే భరిస్తోందని అర్థం. పొడుగు పక్కగోడ ఉన్నంతకాలం ఈ లోపం కప్పబడి ఉంటుంది. దాన్ని తీసేసిన రోజున బయటపడుతుంది.

ఇంకొక తేడా బుష్‌లది. చక్రం గుంత అంచుకు తగిలినప్పుడు దెబ్బ పైకే కాదు, వెనక్కి కూడా తోస్తుంది. ఈ కాలపు కార్లలో ముందు చక్రం కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిగి మళ్లీ తన చోటికి వచ్చేలా కింది ఆర్ముకు పెద్ద మెత్తని రబ్బరు బుష్‌లు పెడతారు. ఇప్పుడు అందరూ వాడే రేడియల్ టైర్లు సర్వసాధారణమయ్యాక, రోడ్డును తాకే రబ్బరు కింద వాటికి ఉండే గట్టి నడికట్టు ఇచ్చే ఈ వెనుకతోపును తట్టుకోవడానికి వచ్చిన మార్పు అది. మిషెలిన్ రేడియల్ టైరుకు పేటెంటు తీసుకున్నది 1946లోనే అయినా, 1956 నాటి మోరిస్ వంటి కార్లు నైలాన్ టైరు మెత్తదనాన్ని లెక్కలో వేసుకునే తయారయ్యాయి. వాటి బుష్‌లు చిన్నవి, గట్టివి. ఆ తోపంతా నేరుగా బాడీకి వెళ్తుంది. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్ కాబట్టి అక్కడ మధ్యలో ఆపేది ఏదీ ఉండదు.

రెండేళ్ల కిందట విజయవాడ నుంచే ఒకరు మీరు చెప్పిన సైజు చక్రాలు వేసిన అంబాసిడర్ తీసుకువచ్చారు. కారు చూడముచ్చటగా ఉంది, అందులో సందేహం లేదు. డాష్ బోర్డులో ఏదో చప్పుడు వస్తోంది, ఎవరికీ దొరకడం లేదన్నది ఆయన ఫిర్యాదు. ఆయనను నడపమని నేను పక్కన కూర్చున్నాను. కనకదుర్గమ్మ వారధి మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ప్రతి అతుకు దగ్గరా ముందు చక్రాలు ఒక దెబ్బ, వెనుక చక్రాలు ఒక దెబ్బ, సుత్తితో కొట్టినట్టు లెక్కపెట్టేలా వినిపించాయి. నాలుగైదు అతుకులు దాటేసరికి గ్లవ్ బాక్స్ మూత దానంతట అదే తెరుచుకుని నా మోకాళ్ల మీద పడింది. తిరిగి వచ్చాక ముందు అద్దం రబ్బరును వేలితో నొక్కి చూస్తే ఎడమ కింది మూలలో కొత్తగా వదులు కనిపించింది. వానాకాలంలో అక్కడి నుంచి నీళ్లు కారడం ఖాయం. ఆయన వెతుకుతున్న చప్పుడు ఒక్కచోటిది కాదు, కదలకుండా ఉండవలసిన ప్రతి బోల్టు, ప్రతి క్లిప్పు కొద్దికొద్దిగా కదులుతున్న చప్పుడు. నేను చప్పుడు కోసం ఏమీ విప్పలేదు. మా షెడ్డులో ఉన్న పాత 15 అంగుళాల చక్రాలు నాలుగు వేసి మళ్లీ వారధి మీదకే పంపాను. ఆయన అరగంటలో తిరిగి వచ్చి ఆ చక్రాలు అమ్ముతారా అని అడిగారు.

అదే రోజు రెండు రకాల చక్రాలనూ తూకం వేశాం. అల్లాయ్ అంటే తేలిక అన్న నమ్మకం చాలామందికి ఉంది. ఒకే సైజులో మంచి కంపెనీ అల్లాయ్‌కీ ఇనుప రిమ్ముకీ పోలిస్తే అది నిజం కావచ్చు. 15 నుంచి 17కు వెళ్లి, వెడల్పు కూడా పెంచినప్పుడు ఆ నమ్మకం నిలవదు. ఆ బండిలో ఒక్కో చక్రం పాతదాని కంటే సుమారు మూడు కిలోలు ఎక్కువ తూగింది. ఈ బరువు స్ప్రింగు కింద ఉండే బరువు. గుంత అంచు తగిలి పైకి లేచిన చక్రాన్ని మళ్లీ నేలకు తెచ్చేది స్ప్రింగు, దాని ఊపును ఆపేది షాక్ అబ్జార్బరు. చక్రం బరువెక్కే కొద్దీ ఆ రెండింటికీ పని పెరుగుతుంది, వరుస గుంతల మీద చక్రం రోడ్డును వదిలి తుళ్లడం ఎక్కువవుతుంది. వెనుక ఇరుసు, డిఫరెన్షియల్, డ్రమ్ములు అన్నీ కలిసి మొదటి నుంచే బాగా బరువు కాబట్టి అక్కడ మూడు కిలోల తేడా అంతగా తెలియదు. ముందు చక్రాల దగ్గర స్టీరింగు పట్టుకున్న చేతులకే తెలుస్తుంది. పైగా ఆ బరువు చక్రం మధ్యలో కాకుండా అంచు వైపు చేరుతుంది. తిప్పడానికి ఇంజిన్‌కు, ఆపడానికి బ్రేకులకు అది అదనపు భారం. మీ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉంటే, లోడుతో హైవే మీద నుంచి గట్టిగా బ్రేకు వేసేటప్పుడు దీనిని మనసులో పెట్టుకోవాలి.

ఇక మీరు అడిగిన రెండు చిట్కాలు. షాక్ అబ్జార్బరు దెబ్బను మింగదు. పేరు అలా ఉంది గానీ అది చేసేది స్ప్రింగు ఊగిసలాటను అణచడం మాత్రమే. బరువైన చక్రం తుళ్లకుండా ఉండాలని గట్టివి వేస్తే, చిన్న దెబ్బలను అవి నేరుగా బాడీకి అందిస్తాయి, మీరు పోగొట్టుకోవాలనుకున్న కుదుపే పెరుగుతుంది. మెత్తవి వేస్తే చక్రం తుళ్లడం ఆగదు. ఈ రెండింటి నడుమ ఆ కారు తయారీదారులు ఎంచుకున్న స్థానం 140 మిల్లీమీటర్ల పక్కగోడను నమ్ముకుని ఎంచుకున్నది. ఆ పక్కగోడ లేకపోతే ఆ నడిమి స్థానమూ ఉండదు.

గాలి తగ్గించడం అంతకంటే ప్రమాదకరం, ఈ విషయంలో మాత్రం నన్ను గట్టిగా చెప్పనివ్వండి. టైరు మీద పడే బరువును మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. పొట్టి టైరులో గాలి చోటు తక్కువ కాబట్టి అదే బరువును మోయడానికి ఎక్కువ ఒత్తిడి కావాలి. టైరు పక్కన 89 అని లోడ్ ఇండెక్స్ ఉంటే అది 580 కిలోలు మోస్తుందని అర్థం. అయితే కంపెనీ ఆ మాట ఇచ్చేది నిర్ణీత ఒత్తిడి దగ్గర, సాధారణంగా 36 పీఎస్ఐ. మెత్తగా ఉంటుందని 24కు దించి, ఐదుగురిని, డిక్కీలో పెళ్లి సామాను వేసుకుని మే నెలలో గుంటూరు నుంచి బయలుదేరితే, ఆ పొట్టి పక్కగోడ ప్రతి చుట్టుకూ తన శక్తికి మించి వంగుతుంది, ఆ వంపే వేడిగా మారుతుంది. మన దగ్గర వేసవిలో గాలి 45 డిగ్రీలకు చేరినప్పుడు తారు రోడ్డు అంతకంటే ఎంతో ఎక్కువ కాగి ఉంటుంది. మామూలు టైరులో 10 డిగ్రీల వేడి పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. అది సహజం, దానికి టైరు సిద్ధంగా ఉంటుంది. గాలి తక్కువైన టైరు వేడికి మాత్రం పక్కగోడ లోపలి పొరలు విడిపోతాయి, పైకి ఏమీ కనిపించదు. ఉదయం బండి కదలక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూసిన ఒత్తిడే లెక్క అని కూడా గుర్తుంచుకోండి. బంకులో ఆగినప్పుడు వేడి టైరులో 40 చూపిస్తోందని గాలి తీసేయించడం మనవాళ్లకు ఉన్న చెడ్డ అలవాటు.

గుంత సంగతికి వస్తే, పొడుగు టైరు గుంతలో పడితే మనకు కుదుపు, పొట్టి టైరు పడితే రిమ్ముకు దెబ్బ. రోడ్డు అంచుకూ రిమ్ము అంచుకూ మధ్య పక్కగోడ నలిగి, లోపలి దారాలు తెగుతాయి. దారాలు తెగిన చోట గాలి రబ్బరును బయటికి తోస్తుంది, బొటనవేలంత ఉబ్బు కనిపిస్తుంది. దానికి ప్యాచ్ లేదు, మరమ్మతు లేదు, టైరు మార్చడమే. ఉబ్బు చిన్నదే కదా అని తిరిగేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మంగళగిరి వైపు సర్వీసు రోడ్ల మీద వానాకాలంలో నీళ్లు నిండిన గుంతల లోతు ఎవరికీ కనిపించదు. ఆ నెలల్లో మా పక్క దుకాణంలో వంకర తీయడానికి వచ్చే అల్లాయ్‌లలో 17, 18 అంగుళాలవే ఎక్కువ. ఇనుప రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు. అల్లాయ్‌లో కంటికి కనిపించని పగులు మిగిలిపోతే ఆ సంగతి హైవే మీదే తెలుస్తుంది.

స్టీరింగు విషయం మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మీ కారుకు పవర్ స్టీరింగు లేదు. 150 మిల్లీమీటర్ల టైరు చోట 205 పెడితే బ్రాడీపేట లైన్లలో రివర్సు తీసి తిప్పేటప్పుడు మీ భుజాలకు పని పడుతుంది. అది అలవాటైపోతుంది అనుకున్నా, రిమ్ము ఆఫ్‌సెట్ (హబ్బుకు ఆనే చోటు నుంచి చక్రం నడిమధ్య గీత ఎంత దూరమో ఆ కొలత) సరిపోకపోతే అలవాటు కానిది ఒకటి ఉంది. చక్రం నడిమధ్య గీత పాతదాని కంటే బయటికి జరిగితే, రోడ్డు నుంచి వచ్చే ప్రతి దెబ్బా స్టీరింగును పక్కకు గుంజుతుంది, హబ్బు బేరింగు మీద భారం బయటి అంచుకు చేరుతుంది. వెడల్పు రిమ్ములు చాలావరకు ఇలాగే బయటికి పొడుచుకుని వస్తాయి. రిమ్ము లోపల తగులుతోందని హబ్బుకూ రిమ్ముకూ మధ్య స్పేసర్లు అనే బిళ్లలు పెట్టి ఇంకా బయటికి నెట్టడం చూశాను. దయచేసి ఆ పని చేయించకండి. వెడల్పు టైరు రోడ్డు మీద లారీలు చేసిన గాడిని పట్టుకుని దాని వెంటే పోవాలని చూస్తుంది కూడా. జాతీయ రహదారి ఎడమ లేనులో మీరే గమనిస్తారు.

వ్యాసం లెక్క క్లుప్తంగా: 205/50 ఆర్17 మొత్తం వ్యాసం 637 మిల్లీమీటర్లు. మీ పాత టైరు 660 పైచిలుకు. కాబట్టి స్పీడోమీటరు అసలు వేగం కంటే కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ఇంజిన్ అదే వేగానికి కొంచెం ఎక్కువ తిరుగుతుంది, కారు కింది ఎత్తు సెంటీమీటరు పైనే తగ్గుతుంది. ఇవి పెద్ద నష్టాలు కావు.

ఇప్పుడు మీరు ఏం చేస్తే బాగుంటుందో చెబుతాను. చక్రాల కోసం దాచిన డబ్బులో మొదటి భాగం సస్పెన్షన్ మీద పెట్టండి. వెనుక కమాన్ కట్టలు విప్పించి, పట్టీలు విడదీసి, తుప్పు గీకి, గ్రాఫైటు గ్రీజు పూసి తిరిగి కట్టించండి. విరిగిన పట్టీ ఉంటే మార్చండి, గట్టిగా ఉంటుందని అదనపు పట్టీ మాత్రం వేయించకండి. ట్యాక్సీలకు బరువు కోసం వేసిన ఆ అలవాటు వల్లే చాలా అంబాసిడర్ల పేరు చెడింది. కమాన్ కట్ట చివర ఉండే షాకిల్ బుష్‌లు, ముందు ఆర్ము బుష్‌లు కొత్త రబ్బరువి వేయించండి, బిగించేటప్పుడు కారు నేల మీద తన బరువుతో నిలబడి ఉండగానే ఆఖరి బిగింపు ఇవ్వాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు మెలిపడి ఆరు నెలల్లో చిరుగుతుంది. టార్షన్ బార్ల ఎత్తు రెండు పక్కలా సమానంగా సరిచేయించి, ఆ తర్వాతే వీల్ అలైన్‌మెంటు చేయించండి. ఈ పనులయ్యాక పాత టైర్లతోనే ఒకసారి వారధి మీద నడిపి చూడండి. మీ కారు ఇంత మెత్తగా పోగలదని మీకు ఇప్పటిదాకా తెలిసి ఉండదు.

ఆ తర్వాత టైర్లు. పాత రిమ్ముల మీదే ఉంటానంటే 165/80 ఆర్15 రేడియల్ దొరికితే అది నా మొదటి ఎంపిక: పక్కగోడ 132, వ్యాసం 645. పాత ఇనుప రిమ్ములకు ట్యూబ్‌లెస్ టైరును పట్టి ఉంచే గట్టు ఉండదు కాబట్టి రేడియల్ కోసం చేసిన ట్యూబులతోనే వాడాలి. అల్లాయ్ కావాలన్న కోరిక మాత్రం బలంగా ఉంటే 15 అంగుళాల్లోనే, ఆరు అంగుళాల వెడల్పు రిమ్ముతో 195/65 లేదా 205/65 వేయండి. 205/65 ఆర్15కు పక్కగోడ 133, వ్యాసం 647. మన ఊళ్లలో ఏ దుకాణంలో అడిగినా దొరికే సైజు అది, రేపు దారిలో ఒకటి పోయినా ఇబ్బంది పడరు. చక్రం ఇంకా పెద్దదిగా కనిపించి తీరాలంటే 16 అంగుళాల దగ్గర ఆగండి. 205/60 ఆర్16కు పక్కగోడ 123, వ్యాసం 652. మీరు పోగొట్టుకునేది 17తో పోలిస్తే సగమే, చూపుకు మాత్రం తేడా బాగానే తెలుస్తుంది. ఏది వేసినా కొనేముందు ఒక చక్రం ముందు బిగించి స్టీరింగు రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి, తర్వాత దానినే వెనుక బిగించి, డిక్కీలో నలుగురిని కూర్చోబెట్టి చూడండి. అంబాసిడర్ వెనుక ఫెండరు బాగా కిందికి దిగి ఉంటుంది. ఖాళీ బండిలో తగలని టైరు లోడులో తగులుతుంది. బోల్టు రంధ్రాల కొలత, మధ్య రంధ్రం కొలత మీ హబ్బు మీదే తీయించుకుని వెళ్లండి, దుకాణదారు నోటి లెక్కతో కొనకండి. టైరు పక్కన నాలుగు అంకెల తేదీ చూడండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనదని అర్థం. పాత సైజుల్లో గోడౌనులో ఏళ్ల తరబడి ఎండిన టైర్లు అంటగట్టడం జరుగుతుంటుంది.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. మీ కారుకు రిజిస్ట్రేషన్ పొడిగింపు కోసం తనిఖీకి వెళ్లవలసిన రోజున ఫెండరు బయటికి పొడుచుకుని వచ్చిన చక్రాలు మీకు లేనిపోని ప్రశ్నలు తెచ్చిపెట్టవచ్చు, 15 అంగుళాల చక్రాలతో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు.

కొత్త చక్రాలు బిగించాక 100 కిలోమీటర్లు తిరిగి, నట్లు మరొకసారి టార్క్ రెంచితో సరిచూడండి. అల్లాయ్‌లో నట్టు కూర్చునే చోటు మొదటి రోజుల్లో కొద్దిగా సర్దుకుంటుంది. ఇనుప రిమ్ముల నట్లే అల్లాయ్‌లకూ వాడవద్దు, కూర్చునే వాలు వేరుగా ఉంటుంది. మీ నాన్నగారి నాటి ఐదు ఇనుప చక్రాలనూ, ఆ క్రోమ్ మూతలనూ పాత ఇనుప సామాన్లవాడికి ఇవ్వకండి. అవి ఇప్పుడు వంకర లేకుండా దొరకడం కష్టం. లోపలి తుప్పు గీకించి, రంగు వేయించి, స్టెప్నీతో సహా ఇంట్లో పొడిచోట నిలబెట్టి ఉంచండి.